బీఆర్‌సీఏ1 పాజిటివ్, క్యాన్సర్ లేదు: రొమ్ములు ముందే తీయించుకోవాలా?

వెన్నెల34

అందరికీ నమస్తే. నా వయసు 34. మా అమ్మకు 41వ ఏట రొమ్ము క్యాన్సర్ వచ్చింది, ఐదేళ్లకు పోయింది. మా పిన్నికి అండాశయ క్యాన్సర్. ఆమెకు ట్రీట్‌మెంట్ జరుగుతున్నప్పుడు జన్యు పరీక్ష చేస్తే బీఆర్‌సీఏ1 అనే జన్యువులో మార్పు ఉందని తేలింది. అదే మార్పు నాలోనూ ఉందేమో చూడమన్నారు. చూశారు, ఉంది.

నాకు క్యాన్సర్ లేదు. మామోగ్రామ్, ఎంఆర్ఐ రెండూ క్లీన్‌గా వచ్చాయి. అయినా సర్జన్ మొదటి అపాయింట్‌మెంట్‌లోనే రెండు రొమ్ములూ తీసేయడం మంచిదన్నారు, డేట్ కూడా ఇవ్వబోయారు. ఆలోచించుకుంటానని చెప్పి వచ్చేశాను. అప్పటి నుంచి సరిగ్గా నిద్ర లేదు. ఏ జబ్బూ లేని ఒంటిని కోయించుకోవడానికి మనసు ఒప్పడం లేదు. కోయించుకోకపోతే అమ్మలాగే నేనూ నా బిడ్డను వదిలి వెళ్లిపోతానేమోనని భయం. మా ఆయన "నీ ఇష్టం, నేనున్నాను" అంటున్నారు. ఆ మాట ధైర్యాన్నిస్తుంది, కానీ నిర్ణయం మాత్రం నా ఒక్కదాని మీదే ఉంది.

చేయించుకున్నవాళ్లు, వద్దనుకున్నవాళ్లు ఇద్దరూ చెప్పండి. అసలు నాకు ఎంత టైమ్ ఉంది?

తూర్పుగాలి

వెన్నెల గారూ, నాదీ బీఆర్‌సీఏ1 మార్పే. 38వ ఏట చేయించుకున్నాను. చర్మం, చనుమొనలు ఉంచేసి లోపలి కణజాలం తీసి ఇంప్లాంట్లు పెట్టారు. మంచీ చెడూ రెండూ చెప్తాను.

ముందు డ్రెయిన్ల సంగతి. మెలకువ వచ్చేసరికి రెండు వైపులా సన్నటి గొట్టాలు, వాటి చివర గుప్పెట్లో పట్టేంత ప్లాస్టిక్ బల్బులు ఉంటాయి. గాయంలో ఊరే ద్రవం వాటిలో చేరుతుంది. రోజూ బల్బు ఖాళీ చేసి ఎన్ని మిల్లీలీటర్లు వచ్చిందో రాసుకోవాలి. రోజుకు 30 కంటే తగ్గి అలాగే నిలిచాక తీసేస్తారు. మొదట ఎర్రగా ఉండేది రానురాను పలచబడి పసుపు రంగులోకి వస్తుంది. ఆ రంగు మారడం చూస్తే ప్రాణం లేచొచ్చేది. ముందు వైపు గుండీలున్న చొక్కాలు కొని పెట్టుకోండి, చేతులు పైకెత్తి బట్టలు వేసుకోవడం కుదరదు. జుట్టు దువ్వడానికి కూడా మనిషి కావాలి. వెల్లకిలా తప్ప పడుకోలేరు. బిడ్డను ఎత్తుకోవడం కొన్ని వారాల పాటు మర్చిపోవాల్సిందే, కాబట్టి ఇంట్లో సాయం చూసుకున్నాకే డేట్ తీసుకోండి.

నొప్పి నేను భయపడినంత లేదు. నన్ను ఎక్కువ బాధపెట్టింది స్పర్శ పోవడం. ఛాతీ మీద నొక్కితే ఒత్తిడి తెలుస్తుంది గానీ తాకినట్టు ఉండదు. పాప వచ్చి గుండెలకు హత్తుకుంటే దాని తల బరువు తెలుస్తుంది, వెచ్చదనం తెలియదు. కొందరికి కొంత తిరిగొస్తుంది, నాకు అంచుల్లోనే వచ్చింది. వేడినీళ్ల బ్యాగు ఛాతీ మీద పెట్టుకోవద్దని నర్సు గట్టిగా చెప్పింది, కాలినా తెలియదు కాబట్టి.

ఇంత చెప్పాక కూడా, మళ్లీ అదే పరిస్థితి వస్తే మళ్లీ చేయించుకుంటాను. ప్రతి ఎంఆర్ఐ ముందూ నేను నేనుగా ఉండేదాన్ని కాదు. రిజల్ట్ వచ్చేదాకా పిల్లల మీద అరిచేదాన్ని. ఆ టెన్షన్ ఇప్పుడు లేదు.

కౌన్సెలర్_ఎమ్

జన్యు సలహా విభాగంలో పనిచేస్తాను. మీ రిపోర్టు చూడకుండా ఇది చేయండి, అది చేయండి అని చెప్పను. "ఎంత టైమ్ ఉంది" అన్నదానికి మాత్రం అంకెలతోనే జవాబు చెప్పాలి.

80 ఏళ్లు వచ్చేలోపు రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం బీఆర్‌సీఏ1 మార్పు ఉన్నవాళ్లలో దాదాపు 72 శాతం, అలాంటిదే మరో జన్యువు బీఆర్‌సీఏ2లో దాదాపు 69 శాతం. పదివేలకు దగ్గరగా మహిళలను పరిశీలించి 2017లో ప్రచురించిన అధ్యయనంలోని అంకెలివి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. 72 అనగానే రేపో మాపో వచ్చేస్తుందనిపిస్తుంది. అది జీవితం మొత్తానికి వేసిన లెక్క. అదే అధ్యయనం ప్రకారం బీఆర్‌సీఏ1 ఉన్నవాళ్లలో 40 ఏళ్ల లోపు జబ్బు వచ్చేది దాదాపు నాలుగింట ఒక వంతు మందికి, 50 లోపు నూటికి 40 పైచిలుకు. 34వ ఏట, స్కాన్లు క్లీన్‌గా ఉన్న మనిషికి రాబోయే ఒక్క ఏడాదిలో వచ్చే అవకాశం సుమారు నూటికి రెండు మూడు. అది చిన్న అంకె కాదు, ఏటేటా పోగవుతుంది. కానీ వచ్చే వారమే ఆపరేషన్ థియేటర్‌కి పరుగెత్తాల్సిన అవసరం లేదు. కొన్ని నెలలు ఆలోచించుకుంటే మీకు నష్టం జరిగిపోదు. ఆ మాట మీకు మొదటి రోజే ఎవరైనా చెప్పి ఉండాల్సింది.

ఈ జన్యువు అసలు పని తెగిపోయిన డీఎన్‌ఏను సరిగ్గా అతకడం. ప్రతి కణంలో దానికి రెండు కాపీలుంటాయి. మీకు పుట్టుకతోనే ఒకటి పాడైంది, రెండోది పని చేస్తోంది. ఏదో ఒక కణంలో ఆ రెండోది కూడా పోతే తప్పులు పేరుకుపోతాయి. అందుకే మీలో ఉన్నది జబ్బు కాదు, జబ్బుకు దారి తీయగల పరిస్థితి.

ఇంకోటి గమనించండి. బీఆర్‌సీఏ1 వల్ల వచ్చే గడ్డలు ఎక్కువగా ట్రిపుల్ నెగటివ్ రకం. అవి వేగంగా పెరుగుతాయి, హార్మోన్ మందులకు లొంగవు. బీఆర్‌సీఏ2లో ఎక్కువ శాతం హార్మోన్‌కు స్పందించే రకం. ఇద్దరికీ "జన్యు మార్పు" అనే ఒకే పేరు పెట్టి ఒకే సలహా ఇవ్వడం సరికాదు. ఇక్కడ ఎవరి అనుభవం చదివినా వాళ్లది ఏ జన్యువో ముందు చూడండి.

నిలకడ

నేను వద్దనుకున్నదాన్ని. నాది బీఆర్‌సీఏ2, వయసు 36. ఏడాదికోసారి ఎంఆర్ఐ, దానికి ఆరు నెలలు ఎడంగా మామోగ్రామ్. అంటే ప్రతి ఆరు నెలలకూ ఏదో ఒక కన్ను నా మీద ఉంటుంది. సాధారణంగా ఎంఆర్ఐ 25 ఏళ్ల నుంచి, మామోగ్రామ్ 30 నుంచి మొదలుపెడతారు.

ఎంఆర్ఐలో బోర్లా పడుకోబెడతారు. రొమ్ములు కిందికి రెండు గుంతల్లోకి వేలాడతాయి, చేతి నరంలోకి కాంట్రాస్ట్ మందు ఎక్కుతున్నప్పుడు చల్లగా పాకుతుంది. చప్పుడు భరించాలి, కదలకూడదు. అంతే. కష్టమంతా తర్వాత. ఒకసారి ఎంఆర్ఐలో ఏదో మెరిసిందన్నారు. మళ్లీ అల్ట్రాసౌండ్, ఆపైన బయాప్సీ. చివరికి ఏమీ లేదని తేలింది. ఈ దారిలో వెళ్తే అలాంటి దొంగ అలారాలు తప్పవు, వాటిని తట్టుకోగలనో లేదో మనం ముందే ఆలోచించుకోవాలి. నేను తట్టుకోగలను. మా అక్క తట్టుకోలేకపోయింది, సర్జరీ చేయించుకుంది. ఇద్దరిదీ ఒకే మార్పు, ఒకే ఇల్లు.

స్కానింగ్ క్యాన్సర్‌ను ఆపదు, వస్తే చిన్నగా ఉన్నప్పుడు పట్టుకుంటుంది. వచ్చాక కీమో, రేడియేషన్ పడాల్సి రావచ్చు. అది తెలిసే ఈ దారి ఎంచుకున్నాను. హార్మోన్ ప్రభావాన్ని అడ్డుకునే టామాక్సిఫెన్ అనే మందు గురించి కూడా డాక్టర్‌తో మాట్లాడుతున్నాను. హార్మోన్‌కు స్పందించే క్యాన్సర్లను అది దాదాపు సగానికి తగ్గిస్తుంది కాబట్టి బీఆర్‌సీఏ2 వాళ్లకు పనికొచ్చే అవకాశం ఎక్కువ. వెన్నెల గారిది బీఆర్‌సీఏ1 కాబట్టి నా దారి ఆమెకు అచ్చంగా సరిపోదు.

సూటిమాట

నాకూ ఒక కూతురుంది. ఇదంతా చదువుతుంటే కడుపు తరుక్కుపోతోంది. నా సందేహం ఒక్కటే. 72 శాతం అంటున్నారు, మరి మిగతా 28 మందికి ఎప్పటికీ రాదుగా? వాళ్ల రొమ్ములు ఊరికే పోయినట్టేగా? ఒక హాలీవుడ్ నటి చేయించుకుందని అందరూ అదే దారి పట్టడం మంచిదేనా? వైద్యం పేరుతో ఆడవాళ్ల శరీరాన్ని ఇంత తేలిగ్గా కోసేయడం నాకు మింగుడు పడటం లేదు.

చదువరి

సూటిమాట గారూ, మీరు చెప్తున్నది ఏంజెలినా జోలీ గురించి అయితే, ఆమె తన సర్జరీ గురించి న్యూయార్క్ టైమ్స్‌లో రాసింది 2013 మే 14న. అప్పటికే ఈ సర్జరీకి దశాబ్దాల చరిత్ర ఉంది. 17వ క్రోమోజోమ్ మీద ఈ జన్యువు ఉన్న చోటును జన్యు శాస్త్రవేత్త మేరీ క్లెయిర్ కింగ్ బృందం 1990లో చూపించింది, 1994లో బీఆర్‌సీఏ1 చేతికందింది, మరుసటి ఏడాది బీఆర్‌సీఏ2. అంతకు చాలా ముందే, కుటుంబంలో క్యాన్సర్లు ఎక్కువగా ఉన్న మహిళలకు ఈ ఆపరేషన్ చేసేవారు. 1960 నుంచి 1993 వరకు అమెరికాలోని మేయో క్లినిక్‌లో చేయించుకున్న 600 మందికి పైగా మహిళల వివరాలతో 1999లో ఒక అధ్యయనం వచ్చింది. రొమ్ము క్యాన్సర్ ముప్పు దాదాపు 90 శాతం తగ్గిందని అందులో తేలింది. జోలీ తల్లి 2007లో 56 ఏళ్లకే క్యాన్సర్‌తో పోయింది. జోలీకి రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం 87 శాతమని డాక్టర్లు అంచనా వేశారు. అది ఆమె ఒక్కదానికి వేసిన అంచనా, పైన కౌన్సెలర్ గారు చెప్పిన 72తో కలవదు. మొదట్లో అంకెలు క్యాన్సర్లు విపరీతంగా ఉన్న కుటుంబాల నుంచే వచ్చాయి కాబట్టి ఎక్కువగా ఉండేవి. సెలబ్రిటీ అంకెను తెచ్చి తన మీద వేసుకోవడం మాత్రం నిజంగా ప్రమాదమే, అక్కడ మీతో ఏకీభవిస్తాను.

రొమ్ము_సర్జన్

సూటిమాట గారు అడిగింది న్యాయమైన ప్రశ్న. ఆ 28 మంది ఎవరో ముందే చెప్పే పరీక్ష మా దగ్గర లేదు. ఉంటే ఈ ఆపరేషన్లు బాగా తగ్గిపోయేవి. అందుకే దీన్ని నేను ఎప్పుడూ "చేయాలి" అనను. మొదటి అపాయింట్‌మెంట్‌లో డేట్ ఇవ్వడం నాకు నచ్చని పద్ధతి. వెన్నెల34 గారూ, రెండో అభిప్రాయం తీసుకోండి, ఆ సర్జన్‌కు కోపం వస్తుందేమోనని మొహమాటపడకండి.

సర్జరీ ముప్పును 90 నుంచి 95 శాతం వరకు తగ్గిస్తుంది. సున్నా చేయదు. రొమ్ము కణజాలం మనకు బయటికి కనిపించేంత మేరే ఉండదు. పైన మెడ ఎముక దగ్గర నుంచి కింద మడత దాకా, పక్కన చంకలోకి పాకి ఉంటుంది. చర్మానికి అంటుకుని కూడా పలచగా ఉంటుంది. చర్మం మరీ పలచగా వలిస్తే రక్తం అందక చచ్చిపోతుంది, మందంగా వదిలేస్తే కణజాలం మిగిలిపోతుంది. ఆపరేషన్ అంతా ఆ మధ్య పొరను పట్టుకుని నడవడమే. కాబట్టి సర్జన్ ఇలాంటివి ఎన్ని చేశారో అడగడం మీ హక్కు. చనుమొన ఉంచితే దాని వెనక ముక్కను పరీక్షకు పంపుతాం, అందులో తేడా కనిపిస్తే చనుమొన కూడా తీయాల్సి వస్తుంది. కొన్నిసార్లు రక్తప్రసరణ చాలక చనుమొన నల్లబడి పోవచ్చు కూడా. పొగతాగే అలవాటు ఉంటే ఆ ప్రమాదం బాగా పెరుగుతుంది. ముందే మానేయాలి.

రొమ్మును తిరిగి నిర్మించడం గురించి. ఇంప్లాంట్ అయితే ఆపరేషన్ చిన్నది, కోలుకోవడం త్వరగా ఉంటుంది. అది జీవితాంతం ఉండే వస్తువు కాదు. చుట్టూ మచ్చకణజాలం బిగుసుకుపోవచ్చు, పగలొచ్చు, ఏళ్లు గడిచాక మార్చాల్సి రావచ్చు. 34వ ఏట పెట్టించుకుంటే జీవితంలో మళ్లీ కనీసం ఒక ఆపరేషన్ ఉంటుందనే అనుకోండి. గరుకు ఉపరితలం ఉన్న ఇంప్లాంట్ల చుట్టూ అరుదుగా ఒక రకం లింఫోమా (లింఫ్ కణాల క్యాన్సర్) వస్తుందని తేలి, 2019లో కొన్ని రకాలను మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు. ఏ రకం పెడుతున్నారో అడిగి, వివరాల కార్డు దాచుకోండి. రెండో పద్ధతి పొట్ట కింది చర్మం, కొవ్వు రక్తనాళాలతో సహా తీసి ఛాతీలో కుట్టడం. కండరాన్ని వదిలేసి చేసే దాన్ని డీప్ ఫ్లాప్ అంటాం. చాలా గంటలు పడుతుంది, మైక్రోస్కోప్ కింద నాళాలు కలపాలి, పొట్ట మీద పెద్ద మచ్చ మిగులుతుంది. బాగా కుదిరితే శరీరంతో పాటే లావవుతుంది, సన్నబడుతుంది, మార్చాల్సిన పని ఉండదు.

తీసిన కణజాలం మొత్తాన్ని పాథాలజీకి పంపుతారు. ఆ రిపోర్టు తప్పక చూడండి. స్కాన్‌లో కనపడని చిన్న క్యాన్సర్ అందులో బయటపడే సందర్భాలు తక్కువే, కానీ ఉన్నాయి. అందుకే సర్జరీకి ముందు కొత్తగా ఎంఆర్ఐ ఉండాలి.

చివరగా ఒక నిజం. క్యాన్సర్ రాకుండా ఆపడంలో సర్జరీకి సాటి లేదు. ఆయుష్షు పెంచడంలో ఎంత తేడా అనేది వేరే ప్రశ్న. క్రమంగా ఎంఆర్ఐ చేయించుకుంటూ ఉండేవాళ్లతో పోల్చినప్పుడు బీఆర్‌సీఏ1లో సర్జరీకి కొంత మేలు కనిపించింది, బీఆర్‌సీఏ2లో ఆ తేడా చాలా తక్కువ. లాటరీ తీసి సగం మందికి సర్జరీ, సగం మందికి స్కానింగ్ అని ఎవరూ ప్రయోగం చేయలేరు కాబట్టి ఇంతకంటే గట్టిగా చెప్పలేం.

మల్లెతీగ

ఇంకో దారి గురించి ఎవరూ మాట్లాడటం లేదు. నేను ఏమీ పెట్టించుకోలేదు. రెండూ తీయించి ఛాతీ చదునుగా కుట్టించుకున్నాను. ఒకే ఆపరేషన్, తర్వాత మార్చడాలు లేవు, త్వరగా పనిలోకి వెళ్లాను. బయటికి వెళ్లేటప్పుడు ఇష్టమైతే బ్రాలో ప్యాడ్ పెట్టుకుంటాను, లేకపోతే లేదు.

సర్జన్‌తో మాత్రం ముందే గట్టిగా మాట్లాడుకోవాలి. నా మొదటి సర్జన్ "తర్వాత మనసు మారుతుందేమో" అని చర్మం వదులుగా మిగిల్చి కుడతానన్నారు. అలా మిగిలితే ముడతలు పడి వేలాడుతుంది, దాన్ని సరిచేయడానికి ఇంకో ఆపరేషన్. నీటుగా చదునుగా కావాలని నేను కాగితం మీద రాసిచ్చాను, ఒప్పుకున్న డాక్టర్ దగ్గరే చేయించుకున్నాను. తర్వాత నిర్మాణం కావాలనిపిస్తే ఆ తలుపు పూర్తిగా మూసుకుపోదు, కాకపోతే కష్టమవుతుంది.

అద్దం ముందు మొదటిసారి నిలబడ్డప్పుడు ఏడ్చాను. ఆ ఏడుపుని ఎవరూ తప్పుపట్టకండి. సరైన నిర్ణయం తీసుకున్నవాళ్లకు కూడా దుఃఖం ఉంటుంది.

పొద్దుతిరుగుడు

నాకు క్యాన్సర్ వచ్చాకే జన్యువు సంగతి తెలిసింది. 39వ ఏట కుడి వైపు. కీమో చేస్తున్నప్పుడు గోళ్లు ఊడాయి, వేళ్ల చివర్లు ఇప్పటికీ మొద్దుబారి ఉంటాయి, చొక్కా గుండీ పెట్టుకోవడానికి తంటాలు పడతాను. ముందే తెలిసి ఉంటే ఏం చేసేదాన్నో చెప్పలేను. తెలిసే అవకాశమే నాకు దక్కలేదు. వెన్నెల, నీకు దక్కింది. దాన్ని శాపంగా మాత్రం చూడకమ్మా.

ఎడమ వైపు రెండో ఏడు తీయించేశాను. ఒక వైపు వచ్చిన బీఆర్‌సీఏ1 వాళ్లకు ఇరవై ఏళ్లలో రెండో వైపు కూడా వచ్చే అవకాశం దాదాపు 40 శాతం, బీఆర్‌సీఏ2కి పాతిక శాతం దాకా అని చెప్పారు. మార్పు లేనివాళ్లకు ఈ లెక్క వర్తించదు. జన్యు మార్పు లేకుండా ఒక వైపు క్యాన్సర్ వచ్చిన నా స్నేహితురాలు భయంతో రెండో వైపు కూడా తీసేయమంటే, దానివల్ల ఆయుష్షు పెరగదని ఆమె డాక్టర్ గంటసేపు కూర్చోబెట్టి చెప్పారు. అలాంటి డాక్టర్ దొరకడం అదృష్టం.

వెన్నెల34

ఒక్కొక్కరికీ విడిగా థాంక్స్ చెప్పాలి. తూర్పుగాలి గారూ, మీరు పాప గురించి రాసింది చదివి చాలాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. కానీ అది ఇప్పుడు తెలియడమే మంచిది.

ఇంకో విషయం. మాకు రెండో బిడ్డ కావాలని ఉంది. సర్జరీ అయితే పాలివ్వలేనని తెలుసు. పిన్నిది అండాశయ క్యాన్సర్ కదా, దాని గురించి నాకు ఎవరూ ఏమీ చెప్పలేదు. రొమ్ముల గురించే అందరూ మాట్లాడుతున్నారు. అండాశయాల సంగతి ఏమిటి?

గైనిక్_ఆర్

ఎవరూ చెప్పలేదంటే బాధగా ఉంది, ఎందుకంటే మీ విషయంలో గడువు ఉన్నది అక్కడే.

బీఆర్‌సీఏ1 ఉన్నవాళ్లకు 80 ఏళ్ల లోపు అండాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం దాదాపు 44 శాతం, బీఆర్‌సీఏ2కి 17 శాతం. రొమ్ము కంటే తక్కువే అనిపిస్తుంది. కానీ రొమ్ముకు ఎంఆర్ఐ ఉంది. అండాశయానికి నమ్మదగ్గ స్క్రీనింగ్ లేదు. సీఏ 125 రక్తపరీక్ష, అల్ట్రాసౌండ్ క్రమం తప్పకుండా చేయించినా ప్రాణాలు నిలబడతాయని తేలలేదు. బయటపడేసరికి చాలామందిలో పొట్టంతా పాకి ఉంటుంది. అందుకే రొమ్ము సర్జరీ మీ ఇష్టం అని చెప్పే మేమే, అండాశయాలు, ఫెలోపియన్ ట్యూబులు తీయించుకోమని మాత్రం గట్టిగా చెప్తాం. బీఆర్‌సీఏ1 అయితే పిల్లలు పుట్టడం అయిపోయాక 35-40 మధ్య, బీఆర్‌సీఏ2 అయితే 40-45 దాకా ఆగవచ్చు. ముప్పు దాదాపు 80 శాతం తగ్గుతుంది. కీహోల్ సర్జరీనే, రొమ్ము ఆపరేషన్‌తో పోలిస్తే శరీరానికి శ్రమ తక్కువ.

శ్రమ ఆపరేషన్‌లో కాదు, తర్వాత ఉంటుంది. ఒక్కసారిగా మెనోపాజ్ వచ్చేస్తుంది. ఒంట్లోంచి ఆవిర్లు, నిద్రలేమి, యోని పొడిబారడం, ఎముకలు గుల్లబారడం. ఇవి చిన్న విషయాలు కావు. రొమ్ము క్యాన్సర్ రాని వాళ్లకు సహజ మెనోపాజ్ వయసు వచ్చేదాకా హార్మోన్ మందులు ఇవ్వవచ్చు, ఎముకల స్కాన్ చేయిస్తూ ఉండాలి. ముందు ట్యూబులు మాత్రం తీసి అండాశయాలు కొన్నేళ్ల తర్వాత తీసే పద్ధతి మీద పరిశోధనలు నడుస్తున్నాయి, ఇంకా అందరికీ సిఫార్సు చేసే దశకు రాలేదు. కాబట్టి రెండో బిడ్డ గురించి ఆలోచిస్తుంటే దాన్నే ముందు పెట్టుకోండి. రొమ్ము సర్జరీ ఆ తర్వాత.

అన్నయ్య_కె

మగవాళ్లు ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను. మా చెల్లికి బీఆర్‌సీఏ2 అని తేలినప్పుడు అందరూ అమ్మ వైపు చుట్టాల్ని తవ్వారు. వచ్చింది నాన్న నుంచి. నాన్నకు ఏ జబ్బూ లేదు, మేనత్తలు లేరు, ఉన్నదంతా బాబాయిలే. అందుకే ఎక్కడా బయటపడలేదు. తల్లి అయినా తండ్రి అయినా ప్రతి బిడ్డకూ సగం సగం అవకాశం. నేనూ పరీక్ష చేయించుకున్నాను, పాజిటివ్. మగవాళ్లకూ రొమ్ము క్యాన్సర్ వస్తుంది, బీఆర్‌సీఏ2లో అది నూటికి ఏడు దాకా. ప్రోస్టేట్ ముప్పు కూడా ఎక్కువ కాబట్టి 40వ ఏట నుంచి పీఎస్ఏ అనే రక్తపరీక్ష చేయించుకోమన్నారు. వెన్నెల గారూ, మీకు అన్నదమ్ములుంటే వాళ్లకు తప్పకుండా చెప్పండి. మాకెందుకులే అంటే వదలకండి.

నీటిచుక్క

దయచేసి అందరూ మీ రిపోర్టులో ఆ ఒక్క లైను చదవండి. పాథోజెనిక్ (హాని చేసేది) లేదా లైక్లీ పాథోజెనిక్ (బహుశా హాని చేసేది) అని ఉంటేనే పాజిటివ్. నాకు వచ్చింది "వేరియంట్ ఆఫ్ అన్‌సర్టెన్ సిగ్నిఫికెన్స్". అంటే జన్యువులో ఒక తేడా కనిపించింది, అది హాని చేస్తుందో లేదో తెలియదు అని. నేను చూపించుకున్న ఒక డాక్టర్ దాన్నే పాజిటివ్ కింద లెక్కేసి రెండూ తీసేద్దామన్నారు. సంతకం పెట్టే దాకా వెళ్లాను. మా ఆడపడుచు ఆ పదం పట్టుకుని కౌన్సెలర్ దగ్గరికి లాక్కెళ్లింది. ఈ రకం ఫలితం మీద ఆధారపడి సర్జరీ చేయకూడదని, కుటుంబ చరిత్రను బట్టి మాత్రమే ముప్పు లెక్కించాలని ఆవిడ చెప్పారు. కొన్నేళ్ల తర్వాత ల్యాబ్ వాళ్లే అది హానిలేని మార్పు అని తిరిగి రిపోర్టు పంపారు. ఇలాంటి వాటిలో ఎక్కువ భాగం చివరికి హానిలేనివిగానే తేలతాయట. ఆ రోజు సంతకం పెట్టి ఉంటే నాకు ఏ జవాబు ఇచ్చేవారో ఆ డాక్టర్‌ని అడగాలని ఇప్పటికీ ఉంటుంది.

కౌన్సెలర్_ఎమ్

నీటిచుక్క గారు చెప్పింది అక్షరాలా నిజం. దానికి అటువైపు కూడా చెప్పాలి. కుటుంబంలో ఫలానా మార్పు ఉందని ముందే తెలిసి, అది మీకు రాలేదని తేలితే, సాధారణంగా మీ ముప్పు అందరితో సమానమే. వెన్నెల34 గారి తోబుట్టువుల్లో ఎవరికైనా అలా వస్తే భయంతో సర్జరీల వైపు వెళ్లక్కర్లేదు. కుటుంబంలో ఎవరికి జబ్బు వచ్చిందో వాళ్లకు ముందు పరీక్ష చేయడం ఎందుకు ముఖ్యమో దీన్నిబట్టి తెలుస్తుంది. మీ పిన్నిగారు ఆ పని చేసి మీ అందరికీ మేలు చేశారు.

సహచరుడు

నా భార్య ఈ సర్జరీ చేయించుకుంది. భర్తలు "నీ ఇష్టం" అనడం మర్యాదే గానీ అది సరిపోదని నాకు అనిపించింది. డాక్టర్ చెప్పేటప్పుడు ఆమె సగం వినలేదు, భయంలో వినపడదు. నేను నోట్స్ రాసుకున్నాను, ప్రశ్నలు అడిగాను. డ్రెయిన్ బల్బులు నేనే ఖాళీ చేశాను. మొదటిసారి కట్లు విప్పినప్పుడు పక్కనే ఉన్నాను, కళ్లు తిప్పుకోలేదు. దాంపత్యం గురించి కూడా ముందే మాట్లాడుకోండి. అక్కడ స్పర్శ ఉండదు, దానికి ఇద్దరూ అలవాటు పడాలి, టైమ్ పడుతుంది. మొహమాటపడి మాట్లాడకుండా ఉంటే దూరం పెరుగుతుంది. వెన్నెల గారూ, మీ ఆయన్ని తర్వాతి అపాయింట్‌మెంట్‌కి తీసుకెళ్లండి.

సూటిమాట

చదివాను. 28 మందిలో ఎవరుంటారో ఎవరికీ తెలియదన్న మాట దగ్గర ఆగిపోయాను. కోసేయడం నాకు ఇప్పటికీ ఇష్టం లేదు, కానీ నా కూతురికి ఈ ప్రశ్న వస్తే నా అయిష్టం ఆమె నిర్ణయానికి అడ్డం రానివ్వను. మా అమ్మకు, మేనత్తకు ఇద్దరికీ రొమ్ము క్యాన్సరే. పరీక్ష ముందు నేను చేయించుకుంటాను.

వెన్నెల34

నిన్న మా ఆయన్ని కూర్చోబెట్టి ఇదంతా చదివించాను. సహచరుడు గారు రాసింది రెండుసార్లు చదివారు. తర్వాతి అపాయింట్‌మెంట్‌కి ఇద్దరం వెళ్తున్నాం, వేరే సర్జన్ దగ్గరికి.

ఇప్పటికి మేం అనుకున్నది ఇది. ముందు రెండో బిడ్డ. ఆలోగా స్కానింగ్‌లు మానను. బిడ్డకు పాలు మాన్పించాక రొమ్ముల సర్జరీ చేయించుకుంటాను. ఆ మాట రాయడం ఇదే మొదటిసారి, చేతులు వణుకుతున్నాయి కానీ మనసు తేలికగా ఉంది. 40 దాటకుండా అండాశయాలు. ఇంప్లాంటా, పొట్ట నుంచా, చదునుగానా అనేది ఇంకా తేల్చుకోలేదు. గర్భంతో ఉన్నప్పుడు ఎంఆర్ఐ ఎలా? ఈ మార్పు పుట్టబోయే బిడ్డకు రాకుండా చూసే వీలుందా?

కౌన్సెలర్_ఎమ్

రెండో ప్రశ్న ముందు. ఐవీఎఫ్‌తో పిండాలు తయారుచేసి, గర్భంలోకి పంపకముందే ఈ మార్పు ఉందో లేదో చూసే పరీక్ష ఉంది. ఖర్చు, శ్రమ రెండూ ఎక్కువే. చాలామంది ఆ దారి ఎంచుకోరు, ఎంచుకున్నవాళ్లదీ తప్పు కాదు. బిడ్డ ముందే పుట్టి ఉంటే చిన్నతనంలో పరీక్ష చేయించకండి. పెద్దయ్యాక ఆ నిర్ణయం వాళ్లది.

గర్భంలో కాంట్రాస్ట్ మందు ఎక్కించే ఎంఆర్ఐ సాధారణంగా చేయరు. కాబట్టి గర్భం కోసం ప్రయత్నం మొదలుపెట్టకముందే ఒక ఎంఆర్ఐ తీయించుకోండి. నెలసరి మొదలైన 7వ రోజు నుంచి 15వ రోజు మధ్య అయితే బొమ్మ స్పష్టంగా వస్తుంది, దొంగ అలారాలు తగ్గుతాయి. గర్భంలోనూ, పాలిచ్చేటప్పుడూ డాక్టర్ చేత్తో పరీక్షించడం, అవసరమైతే అల్ట్రాసౌండ్. ఆ రోజుల్లో గడ్డ తగిలితే "పాల గడ్డేలే" అని ఎవరన్నా సరే ఊరుకోకండి, చూపించుకోండి. పాలు మాన్పించాక రొమ్ము మామూలు స్థితికి రావడానికి కొన్ని నెలలు ఇచ్చి, అప్పుడు కొత్త ఎంఆర్ఐతో సర్జన్ దగ్గరికి వెళ్లండి.